ఫోటో ముందు పెట్టకూడదు

రాజమండ్రి స్టేషన్‌లో, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద, తప్పిపోయిన పిల్లల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టిన చిన్న గదిలో నేను రెండేళ్లు పనిచేశాను. ఇంట్లోవాళ్లు చుట్టాలకు రైల్వే ఉద్యోగమని చెప్పుకునేవారు, నేనూ అడ్డు చెప్పలేదు. గదిలో ఒక బల్ల, ఒక రిజిస్టరు, ఒక ఫోను. అసలు పనంతా ఆ ఫోన్లోని వాట్సాప్ గ్రూపుది. ఇక్కడి నుంచి తుని దాకా స్టేషన్లలో టీ అమ్మేవాళ్లు, కూలీలు, ఆటోవాళ్లు అందులో ఉండేవారు. పని ఇప్పిస్తామంటూ పిల్లల్ని రైలెక్కించి తీసుకుపోయేవాళ్లు కనబడితే చెప్పడం గ్రూపు ఉద్దేశం. కానీ రోజూ గులాబీలతో శుభోదయం, శనివారం వెంకటేశ్వరస్వామి, ఎవరైనా పోతే వాళ్ల ఫోటో. వీటి మధ్య ఉద్దేశానికి చోటు దొరికేది కాదు.

ఒకరోజు ఉదయం ఇడ్లీ తింటుంటే మండపేట దగ్గరి ఊరి నుంచి ఒక మాస్టారు ఫోన్ చేశారు. ఏడో తరగతి పిల్ల ఒకతి బడికి రాలేదు. వాళ్లమ్మ రైస్‌మిల్లులో కూలి. వరసకు పిన్నినవుతానంటూ ఎవరో ఒకావిడ వచ్చి, గొప్పవాళ్లింట్లో పసిబిడ్డను ఆడిస్తే చాలు, చదువు కూడా చెప్పిస్తారని పిల్లను తీసుకెళ్లిందట. ఏ ఊరో చెప్పలేదు. ఆటో అతను మాత్రం విశాఖపట్నం వైపు రైలుకని రాజమండ్రి స్టేషన్లో దింపానన్నాడట. ఆ రైలు అప్పుడే నా ఇడ్లీ ప్లేటు ముందు నుంచి వెళ్లిపోయింది.

రైలు తుని దాటిందంటే మా గ్రూపు అక్కడితో సరి. ఆ తర్వాత ఆ పిల్ల ఎక్కడ దిగుతుందో తెలిసిన మనిషి ఆ పిన్ని ఒక్కతే.

మాస్టారు ఫోటో పంపారు. ఆగస్టు పదిహేనున తీసింది. రెండు జడలు, దణ్ణం పెడుతున్న చేతులు, వెనక గోడకు అలంకరణగా కట్టిన బంతిపూల దండ సరిగ్గా తల చుట్టూ వచ్చింది. నేను ముందు ఫోటో గ్రూపులో పెట్టేసి, తీరిగ్గా వివరం టైపు చేయడం మొదలుపెట్టాను.

నేను రెండో వాక్యంలో ఉండగా సామర్లకోట కూలీ ఒకాయన ‘ఓం శాంతి’ అన్నాడు. ఆపైన ఇంకెవరాగుతారు? మా వైపు మర్యాద అలాంటిది. ఒకరు పరామర్శించాక పక్కవాడు ఊరుకుంటే తప్పు పడతారు. దండాలు, పువ్వులు, ‘చిన్న వయసు, పాపం’. ‘బతికే ఉంది, రైల్లో ఉంది’ అని నేను పెట్టింది వాటి అడుగున పడిపోయింది. ఈలోగా రైలు సామర్లకోటలో ఆగింది, కదిలింది. అక్కడివాళ్లు సంతాపంలో ఉన్నారు.

రైల్వే పోలీసులకు ఫోన్ చేస్తే తునిలో కానిస్టేబుల్‌ను పంపుతామన్నారు. అక్కడ రైలు ఆగేది రెండు నిమిషాలు. బోగీలు తెలిసినవాడు కావాలని తుని టీ ఆయనకు ఫోన్ చేశాను.

“అయ్యయ్యో, ఇప్పుడే చూశాను బాబూ. మీకేమవుతుందండి?”

“ఏమీ అవదండి. పిల్ల బతికే ఉంది. మీ దగ్గరికే వస్తోంది.”

“మరి శాంతి పెట్టారేంటండి అందరూ?”

“మీరూ పెట్టారు కదండి.”

“అందరూ పెట్టాక నేను పెట్టకపోతే బాగోదు కదండి.”

వాదించే టైము లేదు. మాస్టారిని కూడా అదే కాల్లో కలిపాను. రైలాగగానే టీ ఆయన స్పీకరు ఆన్ చేసి, క్యానుతో సహా జనరల్ బోగీ ఎక్కాడు, వెనకాల కానిస్టేబుల్. నాకు వినబడిందల్లా “టీ, టీ” అన్న కేక. రెండో బోగీలో “దొరికింది” అన్నాడు. వెంటనే ఒక ఆడగొంతు, “మా అక్క కూతురండి, మీకేంటి?” అంది. ఆ వాదనలో అర నిమిషం పోయింది.

అప్పుడు మాస్టారు క్లాసులో హాజరు పిలిచినట్టు పిల్ల పేరు పిలిచారు.

“ప్రెజెంట్ సార్,” అంది పిల్ల. కిటికీ దగ్గర కూర్చున్నది చటాలున లేచి నిలబడిందని టీ ఆయన తర్వాత చెప్పాడు. రైల్లో కూడా.

“బయటికొచ్చి నిలబడు,” అన్నారు మాస్టారు. బడిలో అది శిక్ష. పిల్ల ప్లాట్‌ఫారం మీదికి దిగి నిలబడింది. పిన్నిని మాత్రం కానిస్టేబుల్ దింపాల్సి వచ్చింది. అక్క పేరేంటని అడిగితే ఆవిడకు గుర్తు రాలేదు.

మధ్యాహ్నం పిల్లను నా గదికి తీసుకొచ్చారు. కాపాడినందుకు ఏదైనా అంటుందేమోనని, నిజం చెప్పొద్దూ, చొక్కా సర్దుకున్నాను. “నన్నెందుకు దింపేశారు?” అని ఏడ్చింది. తవుడు ధూళితోనే వచ్చిన వాళ్లమ్మ, “చదువు చెప్పిస్తామన్నారండి,” అంటూ నిలబడిపోయింది. మా పై అధికారి మేడం మొదట గ్రూపులోంచి ఆ ఫోటో తీసేయించి, తర్వాత నన్ను తిట్టి, పిల్లను బాలల సంక్షేమ కమిటీ ముందుకు పంపారు. ఇంటికి పంపితే ఇంకో పిన్ని రాదని ఏముంది, అని కమిటీవాళ్లు కొన్నాళ్లు బాలికల హోంలో ఉంచారు. మాస్టారు రోజూ ఫోన్ చేసి, బడికెప్పుడు పంపుతారండి అని నన్నడిగేవారు, ఆ కమిటీకి నేనే అధ్యక్షుణ్ణయినట్టు.

మూడోవారంలో ఆయన అడగడం మానేసి చెప్పారు.

“ఇవాళ వచ్చిందండి. లెక్కల పరీక్ష అనగానే కడుపునొప్పని బెంచీ మీద పడుకుంది.”

“నిజం నొప్పేనా మాస్టారూ?”

“కాదండి.”

“అయితే బాగానే ఉందండి,” అని రిజిస్టరులో ‘బడికి వెళ్తోంది’ అని రాశాను.