మిరప కళ్ళంలో విన్న సగం మాట

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణాలు రెండు. మొదటిది, యాభై ఎనిమిదో ఏడు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. రెండోది, వచ్చాక కూడా మా అత్తగారు బతికుండగా ఆమె గురించి రాయడానికి చెయ్యి ఆడలేదు. ఆమెకి చదవడం రాదు, నిజమే, కానీ చదివి వినిపించేవాళ్ళు మా ఊళ్ళో తక్కువేం లేరు. ఆమె పోయి రెండేళ్ళయింది. మొన్న మా మిరప కళ్ళంలో కొత్తగా పనికొచ్చిన అమ్మాయి ఒకతె కాయలు ఏరుతూ ఏరుతూ కన్ను నలుపుకోబోయింది. గబుక్కున మణికట్టు పట్టుకున్నాను. "నలపమాక. నూరు లెక్కపెట్టు, అదే పోద్ది" అన్నాను. అన్నాక తెలిసింది, ఆ మాట నాది కాదు, అత్తగారిది.

కళ్ళం ఎరగనివాళ్ళకి చెప్పాలి. ఎండబోసిన ఎర్రకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పడేస్తుంటాం. పొద్దెక్కేసరికి గాలి నిండా ఘాటు. చేతులు మండుతుంటాయి, ముక్కు కారుతుంటుంది, సరిగ్గా అప్పుడే కంటి కొనలో దురద మొదలవుతుంది. ఆ చేత్తో ముట్టుకుంటే ఆ రోజుకి పని అయిపోయినట్టే. పెళ్ళయిన ఏడాది నేను ముట్టుకున్నాను. తోటికోడళ్ళిద్దరూ నవ్వారు. అత్తగారు నవ్వలేదు. మజ్జిగతో నా చేతులు కడిగించి, కళ్ళకి చన్నీళ్ళు కొట్టించి, పక్కన కూర్చోబెట్టుకుంది. "దురద కూడా చుట్టంలాంటిదే. పీట వెయ్యకపోతే కాసేపు నిలబడి పోద్ది. నువ్వు కదలమాక, నూరు లెక్కపెట్టు" అంది. ఇంకా ఏదో చెప్పింది. ఆ మంటలో నా చెవికెక్కింది ఇంతవరకే.

అది బాగా పనిచేసింది, కళ్ళంలోనే కాదు, ఇంట్లో కోపానికి కూడా. అదే వచ్చిన చిక్కు. కూరలో ఉప్పు తక్కువైందని మా ఆయన కంచం జరిపితే లోపల ఏదో లేచేది. లెక్కపెట్టేదాన్ని. అరవై దగ్గరికొచ్చేసరికి దిగిపోయేది. తోటికోడలి దెప్పుడు నలభైకే దిగేది. నా కోపం నా చెప్పుచేతల్లో ఉందని కాస్త గర్వం కూడా ఉండేది. ఊళ్ళో ఏ కొత్త కోడలు ఎదురు మాట్లాడినా, నన్ను చూసి నేర్చుకోమని మా ఇంటికి పంపేవాళ్ళు. అట్లా వచ్చినవాళ్ళకి చూపించడానికైనా నేను నోరు మూసుకొని కూర్చోవాల్సి వచ్చేది. ఒంటి మీది చీరైతే సాయంత్రానికి విప్పి దండెం మీద వేసుకోవచ్చు. మంచిదన్న పేరుకి ఆ వీలు లేదు. పుట్టింటికి పోయి పది రోజులుండాలనిపించేది, లెక్కపెట్టేదాన్ని. నాకిది ఇష్టం లేదని చెప్పాలనిపించేది, లెక్కపెట్టేదాన్ని. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, నలభై ఏళ్ళు. అడగడం మానేసి మానేసి, ఏం అడగాలనుకున్నానో అదీ మర్చిపోయాను.

అప్పుడు పక్కింట్లోకి బట్టలు కుట్టే ముస్లిం అమ్మాయి కాపురానికొచ్చింది. నన్ను పెద్దమ్మా అనేది. ఒకరోజు ఆమె జాకెట్టు కొలతలు రాసుకుంటుంటే కళ్ళప్పగించి చూస్తున్నాను. "ఏంది పెద్దమ్మా, కాయితాన్ని తినేస్తావా? రా, నేర్పిస్తా" అంది. మధ్యాహ్నాలు మా అరుగు మీద పలక పట్టించేది. నెల తిరిగేసరికి నా పేరులో మూడక్షరాలు వచ్చాయి. నాలుగోది లొంగలేదు. ఈలోగా టీ బంకు దగ్గర ఎవరో మా ఆయన్ని "ఏమన్నా, వదినకి పరీక్షలెప్పుడంట?" అని అడిగారట. ఆయన ఇంటికొచ్చి పలకని అటక మీదికి తోసేశాడు. "ఈ వయసులో ఏంది నీకు? కలెక్టరువవుతావా? ఇంకోసారి అరుగు మీద కనపడ్డావంటే బాగుండదు" అన్నాడు.

నేను లెక్కపెట్టాను. కోపం మామూలుగానే డెబ్భైకి పోయింది. నాలుగో అక్షరం మాత్రం పోలేదు. పిండి రుబ్బుతుంటే అదే, గేదెకి కుడితి పెడుతుంటే అదే. నాలుగు రోజులు చూశాను. నా లెక్క నా మీద పనిచెయ్యకపోవడం అదే మొదలు. భయమేసింది. సాయంత్రం అత్తగారి దగ్గరికి పోయాను. అప్పటికి ఆమె ఎనభై దాటి మంచంలో ఉంది.

"అత్తా, మూడొందలు లెక్కపెట్టినా పోవడంలా" అని అంతా చెప్పాను.

"పోకపోతే అది దురద కాదే పిచ్చిదానా. కంట్లో నిజంగానే నలుసు పడ్డట్టు. చేతులు కడుక్కోని తీసుకోవాల. ఆ రోజే చెప్పా గదే నీకు."

"నాకు వినపళ్ళా."

"నీకు వినపళ్ళేదని నాకు తెలుసు. నువ్వు నోరు మెదపకపోతే ఇల్లు బాగానే నడిచింది. అందుకని నేనూ మళ్ళీ చెప్పలా."

"నువ్వెప్పుడన్నా తీసుకున్నావా అత్తా?"

"మంచినీళ్ళియ్యి" అని గోడవైపు తిరిగింది.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసుకొని అటకెక్కాను. మా ఆయన వేపపుల్ల నోట్లో పెట్టుకొని కింద నిలబడి చూశాడు. పలక దించి, కొంగుతో తుడిచి, నరసరావుపేట బస్సుకి పోయే జనానికి కనపడేట్టు అరుగు మీద కూర్చున్నాను. "టీ పెట్టలా?" అన్నాడు. "ఈ అక్షరం అయ్యాక" అన్నాను. గొంతు పెంచలేదు. నాకు కోపం కూడా లేదు. ఆయన కాసేపు నిలబడి, చివరికి స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. అక్షరం వంకర పోయింది. చెరిపి మళ్ళీ రాశాను. అందరి కోసం నేను ఆగిన నలభై ఏళ్ళు ఇప్పుడు తలుచుకుంటే గుప్పెడంత అనిపిస్తాయి. నాకోసం ఒక మనిషి ఆగిన ఆ పావుగంట మాత్రం ఎంత తలుచుకున్నా అయిపోదు.