పేపరు మీద మొదటి పేరు

మొన్న ఆదివారం మా గైడ్ మేడమ్ పోయారు. చర్చి నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదని ఆమె చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. వెంటనే ఖమ్మం బయలుదేరాను.

పర్ణశాల దగ్గరి మా ఊరి ఆడవాళ్లు తవ్వుకొచ్చే అడవి దుంపల మీద ఆమె దగ్గరే పీహెచ్‌డీ చేశాను. నేను రాసిందాంట్లో సగం ఎర్రపెన్నుతో కొట్టేసేవారు. "తెల్వకపోతే తెల్వదని రాయి. ఎవ్వరు కొట్టరు" అనేవారు.

డిగ్రీ చేతికొచ్చాక అసలు కష్టం మొదలైంది. సర్కారు నోటిఫికేషన్లు లేవు. గెస్ట్ లెక్చరర్ పని వేసవి సెలవులు రాగానే ఆగిపోయేది. అప్పుడు ఒక ప్రైవేటు కాలేజీ ఇంటర్వ్యూకి పిలిచింది. అంతా బాగా జరిగింది. చివర్లో డైరెక్టర్ తలుపు వేయించాడు.

"మీ దుంపల రీసెర్చి పేపరు ఇంకా అచ్చు కాలేదు కదా? దాని మీద మొదటి పేరు నాది పెట్టండి. సోమవారమే జాయిన్ కావచ్చు. బయట ఆలోచించుకుని ఇప్పుడే వచ్చి చెప్పండి."

తోడుగా వచ్చిన మేడమ్ మోకాళ్ల నొప్పితోనే మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. విషయం చెప్పాను.

"ఏం జెయ్యాలె మేడమ్? అమ్మ భద్రాచలం దవాఖానాల ఉన్నది. ఇది పోతే మళ్ల ఎప్పుడొస్తదో."

ఆమె మెల్లగా మెట్టు మీద కూర్చున్నారు.

"వద్దని నేను చెప్ప బిడ్డా. నాకు నెలనెలా జీతమొస్తది, చెప్పుడు అల్కగనే ఉంటది. నువ్వు ఒప్పుకున్నా నీ మీద కోపం జెయ్య. గానీ నీకు ఆ దుంపలు చూపిచ్చిన ఆడోళ్లకు రేపు ఏమని చెప్తవ్?"

మళ్లీ లోపలికి వెళ్లాను.

"పేరు మార్చను సార్."

ఆయన నా ఫైలు మూసి ముందుకు నెట్టాడు.

బయటికొచ్చి తల అడ్డంగా ఊపాను. ఆమె మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. "పొద్దుగాల ఏమన్న తిన్నవా? నడువ్" అన్నారు.

ఆ పేపరు నా పేరుతోనే వచ్చింది, లోపల మా ఊరి ఆడవాళ్ల పేర్లతో సహా. ఇంకొన్నేళ్లు గెస్ట్‌గానే నెట్టుకొచ్చాక సర్కారు డిగ్రీ కాలేజీలో పోస్టు దొరికింది. ఫోన్ చేసి చెప్తే, "మంచిది. రేపటి క్లాసుకు తయారైనవా?" అన్నారు.

ఆమెను సమాధి చేసి తిరిగొస్తుంటే ఆ ఇంటర్వ్యూ నాటి ప్రయాణమే కళ్లలో మెదిలింది. మా అమ్మను చూస్తానని ఆమె ఖమ్మంలో ఆగలేదు, నాతోపాటు భద్రాచలం బస్సెక్కారు. పాల్వంచ దాటి అడవిలోకి వచ్చేసరికి నా భుజం మీద తలవాల్చి నిద్రపోయారు. టేకుచెట్ల నీడలు ఆమె ముఖం మీదుగా జారిపోతున్నాయి. నా చెయ్యి మాత్రం వదల్లేదు. మలుపుల్లో బస్సు ఊగినప్పుడల్లా, నిద్రలోనే, ఆ పట్టు కాస్త బిగిసేది.