వరాహనరసింహం గారి ముద్దాయిలు

ఫారెస్టరు వరాహనరసింహం గారు మనిషి మీద కేసు రాయరు. రాస్తే మేక మీదే.

రాయగడ జిల్లా కాశీపూర్ దగ్గర ఒక కొండవాలు ఆయన కాపలాలో ఉండేది. కింద ఊరివాళ్ళు తాగే ఊటకు ఆ గడ్డే ఆధారమని, మూడు వానాకాలాల పాటు అక్కడ మేత ఆపారు. ఈ సంగతి మేకలకు ఎవరూ చెప్పలేదు. మేక దొరికితే ఆయన బండ మీద కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, దాని నేరం దానికి చదివి వినిపించేవారు. వేలిముద్రకు బదులు దాని ముక్కుకు స్టాంపు సిరా పూసి కాగితానికి అద్దేవారు.

ఆ కేసు కాగితాలు టైపు చేసే గుమస్తా లక్ష్మిప్రియకు తల తిరిగిపోయేది.

“ముద్దాయి తండ్రి పేరు ఖాళీగా ఉందండీ.”

“తెలియదని కొట్టమ్మి. మందలో ఎవరినని అడుగుతాం?”

“వాంగ్మూలం?”

“అడిగేను. కాగితం అంచు తినేసింది. సాక్ష్యం మాయం చేసిందని అదీ రాయి.”

ఒకసారి ఒక ఎద్దు ముక్కు ఇవ్వనని ఆయన్ను ఊట దాకా తరిమింది. ‘పరారీ’ అని రాసుకొచ్చారు.

“ఎవరండీ, ఎద్దా?”

“ముందు నేను. తర్వాత అది.”

ఆయన నేరం చదివేది వినడానికి జనం మూగేవారు. ముద్ర పడిన మేక యజమాని వారం పాటు సంతలో తలెత్తుకోలేకపోయేవాడు. “నీ మేకకి జైలెప్పుడురా?” అని ఉప్పు అమ్మేవాడు కూడా అడిగేవాడు. ఆ సిగ్గుకే చాలామంది మందను అటు తోలడం మానేశారు. గడ్డి మెల్లగా లేచింది.

మూడో వానాకాలంలో కొత్త రేంజరు విశ్వనాథ్ వచ్చి ఫైలు తెరిచాడు. నలభై ముగ్గురు ముద్దాయిలు. అందరికీ నాలుగేసి కాళ్ళు.

“యజమానుల పేర్లేవండీ?”

“విచారణలో ఉన్నాయి సార్.”

“ఎప్పటి నుంచి?”

“ఎప్పటి నుంచో.”

“ఈసారి మనిషి పేరు పడాలి, మందను పట్టుకోవాలి,” అన్నాడు విశ్వనాథ్. రాసుకోవడానికి లక్ష్మిప్రియను వెంటబెట్టుకుని ముగ్గురూ కొండెక్కారు.

అక్కడ చుక్కల మేక ఒకటి తీరిగ్గా మేస్తోంది. దాని వెనకే రొప్పుకుంటూ వచ్చిన దేముడమ్మ వీళ్ళను చూసి ఆగిపోయింది. మొగుడు పోయాక ఆరు మేకలే ఆమె బతుకు. పేరు పడితే ఆరూ పోతాయి.

“ఈ మేక ఎవరిది?” అన్నాడు విశ్వనాథ్.

దేముడమ్మ నోరు తెరిచేలోగా, “నాది సార్,” అన్నారు వరాహనరసింహం గారు.

విశ్వనాథ్ ఆయన్నీ, మేకనీ మార్చి మార్చి చూశాడు. మేక మాత్రం ఆయనెవరో తనకు తెలియనట్టే నిలబడింది.

“మీదైతే ఇంటికి తోలుకెళ్ళండి. కేసు మీ పేరునే రాయండి.”

ఆయన చెవి పట్టి లాగారు. మేక కదల్లేదు. దేముడమ్మ ఉండబట్టలేకపోయింది. “బాబూ, మీ మేక సెవి లాగితే రాదు. ఆకు సూపించండి.”

దిగే దారిలో రేంజరు ముందుకు వెళ్ళాక లక్ష్మిప్రియ అడిగింది. “సర్వీసుకు మచ్చ కదండీ?”

“కొత్తలో ఒకడి పేరు రాసేనమ్మి. రాయగడ కోర్టుకి నాలుగేళ్ళు తిరిగేడు. కాసేవాళ్ళు లేక మంద అమ్మేసుకున్నాడు. మేకకయితే వాయిదాలుండవు.”

తెల్లారేలోగా మేక ఆయన భార్య అమ్మాజీ గారి కొట్పాడ్ నేత చీర చెంగు తినేసింది. “మేపుకొస్తానమ్మా,” అని దేముడమ్మ తీసుకెళ్ళింది. మళ్ళీ తేలేదు. ఎవరూ అడగలేదు. ఆయనకు మాత్రం మందలింపు లేఖ వచ్చింది: ‘సదరు మేకను ఇకపై అదుపులో ఉంచుకోవలెను.’ టైపు చేసింది లక్ష్మిప్రియే.

ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఆ వాలులో ఏటా ఒక సగాన్ని వంతులవారీగా మేతకు మూస్తున్నారు. మొన్న లక్ష్మిప్రియ వెళ్ళేసరికి మూసిన వైపు గడ్డి నడుమెత్తున ఉంది. అటు మంద తోలబోతున్నవాడికి దేముడమ్మ అడ్డంగా నిలబడి ఉంది.

“అటు తోలకురా. ఫారెస్టరు బాబుకి మాటొస్తాది.”

“ఆయన పోయేరు కదా పిన్నీ.”

“పోతే ఏటి? అమ్మగారికి పింఛను వస్తంది. అదాపేస్తే నువ్విస్తావేటి?”

వాడు మందను వెనక్కి తిప్పాడు. గడ్డికీ పింఛనుకీ ఏ సంబంధమూ లేదని లక్ష్మిప్రియకు తెలుసు. చెప్పలేదు.