టీచరుగారి కుక్కకు నేనిచ్చిన తాడు

ఏలూరులో తివాచీలు నేసే కుటుంబాల్లో మాదొకటి. మా మగ్గాల షెడ్డుకు సరిగ్గా ఎదురిల్లు టీచరుగారిది. ఆడపిల్లల హైస్కూల్లో రిటైరయ్యారు. భర్త పోయాక ఒక్కరే ఉండేవారు. తాడేపల్లిగూడెం నుంచి వాళ్ళ చెల్లెలు ఒకసారి వచ్చి, చేతిసంచిలోంచి తెల్లటి పొమరేనియన్ కూనను తీసి ఆవిడ ఒళ్ళో పెట్టి వెళ్ళింది. రెండు వేల మూడో, నాలుగో. నాకప్పుడు ముప్పై దగ్గర పడుతున్నాయి. నేతలో నన్ను మించినవాడు ఊళ్ళో లేడన్న పొగరు బాగా ముదిరిన వయసు.

మా ఇళ్ళల్లో కుక్కను గడప తొక్కనివ్వరు. అది నాకిందంటే నమాజుకు ముందు బట్టలు మార్చుకోవాలి. మా అమ్మ కంట పడకుండా నేను రోజుకు రెండుసార్లు మార్చుకునేవాణ్ణి. అంత ముద్దుగా ఉండేది.

దాని తిండి విషయంలో టీచరుగారు పరీక్ష పేపరు దిద్దినంత పట్టుదలగా ఉండేవారు. తీపి బిస్కెట్లు పళ్ళకు మంచివి కావట. కోడి ఎముక ఉడికితే పెళుసెక్కి చీలుతుందని అదీ వద్దన్నారు. మందుల షాపులో తోలుతో చేసిన తెల్ల ఎముక అమ్ముతుంటే కొనుక్కొచ్చి, వాసన చూసి, మర్నాడే తిరిగిచ్చేశారు. "నానాక ముక్క ఊడి గొంతుకు అడ్డం పడితే ఏం చెయ్యను బాబూ?" అన్నారు నాతో. కారెట్ ముక్క, లేత కొబ్బరి, ఉడికించిన గుడ్డు పెట్టేవారు. ఆదివారం మాత్రం చేప. కొల్లేరు నుంచి చేపల గంపతో వచ్చే ఆమె దగ్గర, ముళ్ళు తక్కువని, కొరమేనే తీసుకుని, కుక్క వాటా ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి, కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పొరా విడదీసి వేళ్ళతో తడిమేవారు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"మా ఇంట్లో కొత్త అల్లుడికి కూడా ఇంత మర్యాద జరగలేదండీ," అని ఏడిపించేవాణ్ణి.

"అల్లుడికి నోరుంది కదా, ముల్లు గుచ్చుకుంటే చెబుతాడు," అనేవారు.

అయిదో నెలలో దానికి పళ్ళు మారడం మొదలైంది. చెప్పులు కొరికింది, కుర్చీ కోళ్ళు కొరికింది, ఒకరోజు ఇస్త్రీపెట్టె వైరు కూడా పట్టుకుంది. నమలడానికి ఏదో ఒకటి ఇవ్వాలి, ఏదిచ్చినా ఆవిడకు భయం. అప్పుడు నాకు నా తెలివి గుర్తొచ్చింది. తివాచీని మగ్గం మీద నుంచి కోసి దింపినప్పుడు పడుగు నూలు కొసలు మిగిలిపోతాయి. తెంపబోతే చెయ్యి కోసుకుంటుంది కానీ ఆ నూలు తెగదు. వాటిని పేని, మధ్యలో ఎర్ర ఉన్ని కలిపి, జానెడు తాడు అల్లి రెండు కొసలా ముడులేశాను.

టీచరుగారు దాన్ని వెలుగులో పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. "పోగులు ఊడి రావు కదా బాబూ?"

"మా ముడి విప్పాలంటే కత్తి కావాలండీ. కుక్కపిల్ల వల్ల అయ్యే పనా?" అన్నాను.

ఆవిడ ఇక అడగలేదు. షాపువాణ్ణి నమ్మలేదు, కంపెనీని నమ్మలేదు, నన్ను నమ్మారు. కుక్క ఆ తాడును చూసి పిచ్చెక్కిపోయింది. నోట కరుచుకుని ఇల్లంతా తిరిగింది. నేను షెడ్డులో కూర్చుని ఆ సంబరం చూస్తూ, వచ్చిన ప్రతివాడికీ నా ఘనకార్యం చెప్పుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున్నే టీచరుగారు గుమ్మంలోంచి కేకేశారు. వెళ్ళేసరికి కుక్క వాంతులు చేసుకుని గోడవారన పడుంది. "నిన్న చేప పెట్టాను. ముల్లేమైనా వెళ్ళిందేమో," అంటూ ఆవిడ డబ్బుల సంచీ కోసం లోపలికి పరుగెత్తారు. నేను కుక్కను ఎత్తుకోవడానికి వంగాను. మంచం కింద తాడు కనిపించింది. ఒక కొసన ముడి లేదు. ముడే కాదు, బెత్తెడు తాడు లేదు. మిగిలిన పోగులు తడిగా వేలాడుతున్నాయి.

తీసి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో ఆ క్షణంలో ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే చేసింది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. చేప సంగతి విన్నాడు. తర్వాత అడిగాడు: "దారం, గుడ్డపీలిక లాంటిదేమైనా మింగిందాండీ? అయితే ఇప్పుడే చెప్పండి. పేగుల్ని లోపల్లోపలే కోసేస్తుంది. ఇక్కడ కుదరదు, గన్నవరం పశువైద్య కాలేజీకి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాలి."

టీచరుగారు నావైపు చూశారు. అనుమానంతో కాదు. తనకు గుర్తు లేనిది నాకేమైనా గుర్తుందేమోనని.

"లేదండీ," అన్నాను.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. జేబులో తాడు తొడకు తడిగా తగులుతూనే ఉంది. మింగి ఉండదులే, ఎక్కడో ఊడిపడితే ఊడ్చేసి ఉంటారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎందుకు అబద్ధమాడానని తర్వాత చాలా ఏళ్ళు వెతుక్కున్నాను. భయం అని సరిపెట్టుకోవాలని చూశాను. భయం కాదు. నా ముడి ఊడిందని ఆ ఇద్దరి ముందు ఒప్పుకోలేకపోయాను, అంతే. ఇంత నీచమైన కారణం ఉంటుందా అనిపిస్తుంది. ఉంది.

డాక్టరు సూది వేసి, ముల్లయితే రెండు రోజుల్లో సర్దుకుంటుందన్నాడు. మంగళవారం అది నీళ్ళు కూడా తాగలేదు. బుధవారం నేను రెండుసార్లు ఆ గుమ్మం దాకా వెళ్ళి, చెబుదామనుకుని, ఎలా ఉందండీ అని అడిగి వచ్చేశాను. మొన్న చెప్పనిది ఇవాళ చెబితే, మొన్న ఎందుకు చెప్పలేదంటారు కదా. గురువారం పొద్దున పోయింది. పెరట్లో గొయ్యి నేనే తవ్వాను. ఆ తాడు ముక్కను తమ్మిలేరులో పారేశాను.

"రెండుసార్లు చూశాను బాబూ. అయినా నా చేత్తో నేనే చంపుకున్నాను," అన్నారు టీచరుగారు.

"మీ తప్పేమీ లేదండీ," అన్నాను. ఆ వారమంతటికీ నేను పలికిన ఒకే ఒక్క నిజం అది. దాన్ని కూడా ఓదార్పులాగే పలికాను.

ఆవిడ చేప మానేశారు. కొల్లేటి చేప తిని పెరిగిన మనిషి. ఆదివారం గంపామె కేక వినబడగానే వీధి తలుపు వేసుకునేవారు. "టీచరుగారికి ఒంట్లో బాగోలేదాండీ? చేపే తీసుకోవట్లేదు," అని గంపామె ఒకసారి నన్నడిగింది. తెలీదన్నాను. చెల్లెలు ఇంకో కూనను తెస్తానంటే వద్దన్నారట. కానీ ఎవరి ఇంట్లో కుక్క ఉన్నా వెళ్ళి చెప్పి వచ్చేవారు: ఏది పెట్టొచ్చో, ఏది పెట్టకూడదో, ముఖ్యంగా చేప ఎందుకు పెట్టకూడదో. తన తప్పు తానే అందరికీ చెప్పుకుంటూ తిరిగారు. నాది నా దగ్గరే ఉంది.

రెండు మూడేళ్ళకు, కొల్లేరులో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించిన ఏడాది, మా పక్కవీధిలోకి ఆకివీడు నుంచి బ్యాంకు ఉద్యోగి కుటుంబం అద్దెకు దిగింది. వాళ్ళకో కూన. ఒక సాయంత్రం టీచరుగారు ఆ ఇల్లాలిని వెంటబెట్టుకుని మా షెడ్డుకు వచ్చారు. ఆమె చంకలో కూన ఆమె గాజులు కొరుకుతోంది.

"దీనికీ పళ్ళు మారుతున్నాయి బాబూ," అన్నారు టీచరుగారు. తర్వాత ఆమెతో, "మా దానికి ఇతనే తాడు అల్లి ఇచ్చాడమ్మా. నేను పెట్టిన తిండే దాన్ని చంపింది కానీ, అది సంతోషంగా ఆడుకున్నదంటే ఇతనిచ్చిన తాడుతోనే," అన్నారు. మళ్ళీ నావైపు తిరిగి, "అలాంటిదే ఒకటి చేసివ్వు," అన్నారు.

మగ్గం మీద నా చేతులు ఆగిపోయాయి. పనులు ఎక్కువగా ఉన్నాయనొచ్చు. ఆ నూలు ఇప్పుడు రావట్లేదనొచ్చు. రెండు అబద్ధాలూ నాలుక చివరే ఉన్నాయి. కూన గాజును వదలకుండా కొరుకుతోంది.

"ఆ తాడు ఏ కుక్కకీ ఇవ్వకూడదండీ," అన్నాను. "మీ చేప కాదు చంపింది. నా తాడు. ముడి మింగేసింది. ఆ రోజు మంచం కింద చూశాను. డాక్టరు అడిగినప్పుడు నా జేబులోనే ఉంది."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోలేదు. ఆ ఇల్లాలు కూనను గట్టిగా పట్టుకుని, తర్వాత వస్తానని వెళ్ళిపోయింది. టీచరుగారు మాత్రం కదల్లేదు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. నా చేతుల వైపు చూశారు.

"గన్నవరం ఇక్కడికి ఎంతసేపు?" అని అడిగారు.

"గంటండీ."

"గంట," అన్నారు. "అది మూడు రోజులు బతికింది."