నేలను తాకిన క్యాచ్

ఆ ఏడు ఆడవాళ్ల వన్డే పోటీల్లో నేను నాగర్‌కర్నూల్ జట్టుకు వికెట్ కీపర్‌ని. మా చివరి లీగ్ మ్యాచ్ గద్వాల జట్టుతో, వనపర్తిలో ఒక కాలేజీ గ్రౌండ్‌లో పడింది. గెలిచినవాళ్లు సెమీస్‌కు, ఓడినవాళ్లు ఇంటికి.

మేం నూట డెబ్బై రెండు చేశాం. వాళ్ల ఓపెనర్ ఎడమచేతి వాటం పిల్ల, నాకన్నా రెండు మూడేళ్లు చిన్నది. రాయచూరు దిక్కు ఊరు కాబట్టి మాటల్లో అక్కడక్కడా కన్నడం దొర్లేది. ఆమె ఒక్కతే ఎనభై దాటేసింది. ఇంకా ముప్పై పరుగులు కావాలి, ఐదు వికెట్లున్నాయి. ఆమె నిలబడితే మా పని అయిపోయినట్టే.

అప్పుడు అమ్రాబాద్ నుంచి వచ్చిన మా బౌలర్ వేసిన బంతి ఆమె బ్యాట్ అంచుకు తగిలి, కిందికి దిగుతూ వచ్చింది. ఎడమవైపు దూకాను. గ్లౌజుల్లో పడేముందు బంతి మట్టిని తాకింది. చాలా కొద్దిగా. నా వేళ్లకు మాత్రమే తెలిసింది.

లేచేసరికి అందరూ అరుస్తున్నారు. అంపైర్ నా వైపు చూశాడు. నేను బంతి ఎత్తి చూపించాను. ఆయన వేలెత్తాడు.

ఆ పిల్ల కదల్లేదు. "అక్కా, మంచిగ పట్టినవా?" అని నన్నే అడిగింది.

అవునని తల ఊపాను.

ఆమె షామియానా దిక్కు నడుస్తుంటే మా కెప్టెన్ దగ్గరికి పోయి, "అక్కా, కింద తగిలింది" అన్నాను.

"ఎవరన్న చూసిండ్రా?"

"లేదు."

"అయితే గమ్మునుండు. ఇంతదాక వచ్చి గిట్ల పాడుచేస్తవా?"

అంపైర్ వైపు రెండడుగులు వేశాను. కొత్తగా వచ్చిన బ్యాటర్ అప్పటికే క్రీజులో నిలబడింది. మా బౌలర్ పరుగు మొదలుపెట్టబోతోంది. ఇంకొక్క బంతి పడితే నేనేం చెప్పినా లాభం లేదని నాకు తెలుసు. తెలిసే వెనక్కి వచ్చి, స్టంప్స్ వెనక వంగాను.

ఆరు పరుగులతో గెలిచాం. బస్సులో అందరూ పాటలు పాడుతుంటే తలనొప్పని కళ్లు మూసుకున్నాను. సెమీస్‌లో చిత్తుగా ఓడిపోయాం.

రెండు వారాలకు, నాలుగైదు జిల్లాల నుంచి కలిపి ఒకే జట్టును ఎంపిక చేస్తామని పిలిచారు. మళ్లీ అదే గ్రౌండ్. నల్లా దగ్గర ఆ పిల్ల సీసాలో నీళ్లు పట్టుకుంటోంది. వెనక్కి తిరిగిపోదామనిపించింది. కానీ దగ్గరికే పోయాను.

"ఆ దినం బంతి నేలకు తగిలింది. నేను అబద్ధమాడిన."

ఆమె నల్లా కట్టేసింది. "నాకు తెల్సు. నీ మొఖం చూసిన గదా."

"గెలవాలనుకున్న..."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నవ్?"

ఆమె సీసా కింద పెట్టింది. "మా నాయిన కూలి పోకుండ చూడనీకొచ్చిండు. నేను ఔట్ కాలేదని మొత్తుకుంటే, ఓడినోళ్లంత గట్లనే అంటరు బిడ్డా అన్నడు. ఆయనకెవరు చెప్పాలె?"

"నేను చెప్త" అన్నాను. ఆమె నన్నొకసారి చూసి, ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది.

జరిగిందంతా ఆయనకు చెప్పాను. చివరికి, "ఫోను నా బిడ్డకియ్యమ్మా" అన్నాడు. ఆమె అటు తిరిగి మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు.

ఆ వెంటనే, ఎంపిక చేసే సారుకు కూడా చెప్పాను. "అయిపోయిన మ్యాచ్‌ను నేనేం చెయ్యాలమ్మా?" అన్నాడాయన. పక్కనే ఉన్న మా కెప్టెన్ మొహం తిప్పుకుంది. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

సాయంత్రం జాబితా చదివారు. ఆ పిల్ల పేరూ నా పేరూ ఉన్నాయి. ఆమెను తీసుకున్నది నా మాట వల్లనో, ఆ పూట ఆమె ఆడిన తీరు వల్లనో నాకు తెలియదు. అడగలేదు కూడా.

ఆ కొత్త జట్టు మొదటి మ్యాచ్‌లో నేను బ్యాటింగ్‌కు పోయేసరికి అవతలి కొసన ఆమె ఉంది. మూడు ఓవర్లలో పద్దెనిమిది పరుగులు కావాలి. ఆమె బంతిని పక్కకు నెట్టి, "రా!" అని అరిచింది. పరుగు లేని చోట పిలిచిందేమో అనిపించింది. అయినా ఆగకుండా ఉరికాను. బంతి స్టంప్స్‌ను తాకేసరికి నా బ్యాట్ ఎప్పుడో గీత దాటి ఉంది. ఆమె అవతలి నుంచి చెయ్యెత్తి, "ఇంకో పరుగు గూడ ఉండె" అంది.