స్టీవియా పూతరేకులు

మా ఆయన కువైట్‌లో ఉంటారు. ఈమధ్య ఆయనకు షుగరు వచ్చింది. అక్కడే పనిచేసే పక్కింటి బాబాయిగారు సెలవు అయిపోయి ఈ సాయంత్రం బయలుదేరుతున్నారని, పొద్దున్నే పూతరేకులు చుట్టడానికి కూర్చున్నాను. పంచదారకు బదులు అమలాపురంలో కొన్న స్టీవియా అనే తీపి ఆకు పొడి తీసుకున్నాను. అలవాటు కొద్దీ పంచదార లాగే రేకు నిండా చల్లేశాను.

అత్తయ్యగారు ఒకటి కొరికి మొహం చిట్లించారు.

"కాకరకాయ తిన్నట్టుందే అమ్మాయ్! చిటికెడు చాలని కొట్టాయన చెప్పేడు కదా. మా వాడి మీద ప్రేమంతా ఇందులోనే కుమ్మరించేసేవా?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మళ్లీ కొత్త రేకులు తడిపి, నెయ్యి రాసి, జీడిపప్పు పొడిలో చిటికెడే కలిపి చుట్టాను. ఈసారి అత్తయ్యగారు అడిగి మరీ రెండు తిన్నారు.

సాయంత్రం బాబాయిగారు డబ్బా సంచిలో సర్దుకుంటూ, "అబ్బాయికేమన్నా చెప్పమంటావేంటమ్మా?" అన్నారు.

అత్తయ్యగారు పక్కనే ఉన్నారు. 'ఈ ఏడాదైనా ఒకసారి వచ్చి వెళ్లమనండి' అన్న మాట గొంతు దాకా వచ్చింది.

"ఆయ్, రోజుకి రెండు కంటే తినొద్దని చెప్పండి బాబాయిగారూ" అన్నాను.

బాబాయిగారెక్కిన ఆటో వెళ్లిపోయింది. అత్తగారి ముందు మీరైతే ఏమని చెప్పి పంపేవారండీ?