మా వాడకట్టు చరిత్ర నేను రాసిన తీరు

కోరుట్లలో మా వాడకట్టు వాళ్లమంతా కలిసి కమిటీ హాలు కట్టుకున్నాం. ప్రారంభం రోజున కమిటీ చరిత్రను మైకులో చదివి, అచ్చు కాగితాలు ఇంటింటికీ పంచాలని తీర్మానం చేశారు. రాసే పని నాకు అప్పజెప్పారు. పొంగిపోయాను. ఇన్నేళ్లుగా తీర్మానాల పుస్తకం రాస్తున్నది నేనే. బడిపంతులుగా రిటైరయ్యాక నాకు మిగిలింది ఆ కార్యదర్శి పదవి ఒక్కటే. చరిత్రంటూ రాస్తే అందులో నా పేరే ముందుండాలని నా ఆశ.

ఆ ఆశకు అడ్డం ఒకే ఒక మనిషి. వీధి చివర బోరు మోటార్లు బాగుచేసే ఆయన. అందరూ మోటార్లాయన అంటారు. తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు, ఈయన మోటార్లు నేర్చుకున్నాడు. కమిటీలో ఏ పదవీ లేదు. అయినా ఎవరింట్లో చావైనా పెళ్లయినా ముందు మోగేది ఆయన ఫోనే. నా ఫోను మోగేది సంతకం కావాల్సినప్పుడు.

ఒకసారి సిరిసిల్ల నుంచి మా మరదలు వచ్చింది. బస్టాండులో దిగి కమిటీ సారు ఇల్లెక్కడని అడిగితే, ఆటో ఆయన తీసుకెళ్లి మోటార్లాయన ముంగిట్లో దింపాడు. ఆయనే ఆమె సంచీ మోసుకుంటూ మా ఇంటిదాకా వచ్చాడు.

"ఊరంత గాయననే కమిటీ పెద్దమనిషి అనుకుంటున్నరు బావా" అని మరదలు పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

కమిటీకి నేను పెట్టిన నియమం ఒకటుంది. సమావేశంలో కూర్చున్నవాళ్ల పేర్లే పుస్తకంలో ఎక్కాలి. న్యాయమైన మాటే అని అందరూ ఒప్పుకున్నారు. మోటార్లాయన మాత్రం ఎన్నడూ కూర్చున్న పాపాన పోలేదు. అందరూ చేరేసరికి కుర్చీలు తక్కువయ్యేవి, లేదా చాయ్ రాకపోయేది, ఆయన లేచి వెళ్లేవాడు. కొన్నిసార్లు నేనే "తమ్మీ, పక్క గల్లీ పెద్దాయనను జర పిలుచుకరా" అని పంపేవాణ్ణి. తిరిగొచ్చేలోపు పేర్లు రాయడం అయిపోయేది. పని ఉండే పంపానని అప్పట్లో నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

కోతుల బెడద పెరిగినప్పుడు తీర్మానం రాసింది నేను. మల్యాల దాకా పోయి కోతులు పట్టేవాళ్లను వెంటబెట్టుకొచ్చింది ఆయన. కరోనా రోజుల్లో సమావేశాలు ఫోన్లలోనే జరిగాయి. నేను తలుపు గడియ తీయకుండా అందరి పేర్లూ రాసుకున్నాను. ఆయన ఇంటింటికీ సరుకులు మోశాడు. మా అరుగు మీద బియ్యం, మా ఆవిడ బీపీ గోలీలు పెట్టి, దూరం జరిగి "సార్, పెట్టిన" అని కేకేసేవాడు. ఆ గోలీలు చూస్తే నాకు కృతజ్ఞత కలగాలి. కడుపు మండేది.

చరిత్ర రాయడానికి పుస్తకాలన్నీ ముందేసుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేశాను. ఎక్కడా ఆయన పేరు లేదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. పుస్తకంలో లేనిది నేనెట్లా రాసేది? జగిత్యాల ప్రెస్సు నుంచి కాగితాలొచ్చాక మా ఆవిడ చదివింది.

"గాయన పేరేది?"

"పుస్తకంల లేదు."

"పుస్తకం రాసింది మీరేనాయె" అని కాగితం నా ఒళ్లో పడేసి వంటింట్లోకి వెళ్లింది.

ప్రారంభం రోజు మైకు ముందు నిలబడి చదివాను. బోరు వేయించిన పేరాకు చప్పట్లు, వీధి దీపాల పేరాకు చప్పట్లు. కోతుల దగ్గరికి రాగానే ఆడవాళ్లలోంచి ఒకావిడ గట్టిగా అంది: "మోటార్లాయన చెయ్యి కరిసినయి గద పాపం!" అందరూ వెనక్కి తిరిగి ఆయన్నే చూశారు. నేను గొంతు పెంచి తరువాతి పేరాకు వెళ్లిపోయాను.

ఆయన వెనకాల మైకు వైరు సరిచేస్తున్నాడు. జనం పలచబడ్డాక చేతులు తువ్వాలుకు తుడుచుకుని నా దగ్గరికి వచ్చి, కాగితం రెండు చేతులా అందుకున్నాడు.

"మస్తు రాసిండ్రు సార్. మైకు గుయ్యిమంటుంటే నాకు సక్కగ ఇనరాలె. నాకు సదువు రాదాయె. నా పేరు యాడున్నదో జర చూపెట్టుండ్రి. మా బిడ్డ కాలేజికెళ్లి అచ్చినంక చూపిస్త."

పేరు ఉందా అని అడగలేదు. ఎక్కడుందని అడిగాడు. తప్పు పడింది, మళ్లీ అచ్చు వేయిస్తానని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అంత నమ్మకంగా అడగగలిగినందుకు ఆ క్షణంలో కూడా ఆయన మీద ఈర్ష్యే కలిగింది. నా వేలు కాగితం మీదికి వెళ్లి, మొదటి వరుసలో నా పేరు మీదే ఆగింది.

"గిదేనా? జర గీత గీయుండ్రి సార్, మల్ల మర్సిపోత."

జేబులోంచి పెన్ను తీసి నా పేరు కింద గీత గీశాను. ఆయన కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, వైర్లు చుట్టడానికి వెళ్లాడు. అప్పటికి నాలుగు దాటింది. కాలేజీ బస్సు ఐదింటికి మా వీధి మొదట్లో ఆగుతుంది.